కాస్ట్ ఐకాన్ ఎందుకు కనిపించదు? మల్టీకాస్ట్ సాకెట్స్‌ని విండోస్, లైనక్స్, మ్యాక్, ఫోన్లలో డీబగ్ చేసే పద్ధతి

ఫోన్, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. అయినా కాస్ట్ ఐకాన్ రాదు. ప్రింటర్ పక్కనే ఉంది, ల్యాప్‌టాప్‌కి మాత్రం కనిపించదు. చాలామంది ఇక్కడే డివైస్‌ని తిట్టుకుని, రివ్యూలో ఒక్క స్టార్ ఇచ్చేసి వెళ్లిపోతారు. నిజానికి చాలాసార్లు తప్పు డివైస్‌ది కాదు. డివైసులు ఒకదాన్నొకటి వెతుక్కునే పద్ధతిలో ఎక్కడో ఒక ప్యాకెట్ సైలెంట్‌గా చనిపోయి ఉంటుంది. ఆ పద్ధతి పేరే మల్టీకాస్ట్.

నేను పనిచేసే టీమ్‌లో ఫోన్ నుంచి పీసీకి ఫైల్స్ పంపే ఒక యాప్ ఉంది. ఒకే సాకెట్ కోడ్ లైనక్స్‌లో చక్కగా నడుస్తుంది, విండోస్‌లో ఎర్రర్ 10049 ఇస్తుంది, మ్యాక్‌లో రెండో కాపీ ఓపెన్ కానివ్వదు, ఆండ్రాయిడ్‌లో ఎర్రర్ కూడా లేకుండా మౌనంగా ఉంటుంది. ఇలాంటి యాప్ మీరూ రాస్తుంటే, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఇలాంటిదేదైనా పెట్టుకుంటే, ఈ పాఠం మీకోసమే. ఇంట్లో నడిచిన డెమో కాలేజీ వైఫైలో ఎందుకు ఆగిపోతుందో కూడా ఇందులోనే తెలుస్తుంది.

ముందు బేసిక్స్

యూనికాస్ట్ అంటే కొరియర్ లాంటిది, ఒక్క అడ్రస్‌కే వెళ్తుంది. బ్రాడ్‌కాస్ట్ అంటే దండోరా, ఊరంతా వినాల్సిందే. మల్టీకాస్ట్ మాత్రం ఇంటికి న్యూస్‌పేపర్ వేయించుకోవడం లాంటిది. పేపర్ కావాలని ఏజెంట్‌కి చెప్పినవాళ్ల ఇంటికే వస్తుంది. నెట్‌వర్క్‌లో అలా చెప్పడానికి వాడే ప్రోటోకాల్ ఐజీఎంపీ. 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1112తో ఇది స్టాండర్డ్ అయింది.

ఐపీవీ4లో 224.0.0.0 నుంచి 239.255.255.255 వరకు ఉన్న అడ్రసులన్నీ మల్టీకాస్ట్ గ్రూపులే. బాన్‌జూర్, కాస్ట్ లాంటివి వాడే ఎండీఎన్‌ఎస్‌ది 224.0.0.251, పోర్ట్ 5353. డీఎల్‌ఎన్‌ఏ టీవీలు వాడే ఎస్‌ఎస్‌డీపీది 239.255.255.250, పోర్ట్ 1900. మీ సొంత యాప్‌కి గ్రూప్ కావాలంటే 239తో మొదలయ్యే ప్రైవేట్ రేంజ్‌లోంచి తీసుకోండి.

గుర్తుపెట్టుకోవాల్సిన అసలు విషయం ఇది: మల్టీకాస్ట్ యూడీపీ మీద నడుస్తుంది. వినేవాళ్లు ఒక్కరు లేకపోయినా పంపే ఫంక్షన్ ‘సక్సెస్’ అనే చెప్తుంది. అందుకే కోడ్‌లో అదీ ఇదీ మార్చి చూడటం వల్ల టైమ్ వేస్ట్. ప్యాకెట్ ఎక్కడ ఆగిందో ముందు కనిపెట్టాలి. అది ఆగే చోట్లు ఒక్కొక్కటిగా చూద్దాం.

1. బైండ్ దగ్గరే తేడా

లైనక్స్‌లో సాకెట్‌ని నేరుగా గ్రూప్ అడ్రస్‌కే బైండ్ చేయొచ్చు. అప్పుడు ఆ గ్రూప్‌కి వచ్చిన ప్యాకెట్లే ఆ సాకెట్‌కి వస్తాయి, ఒక ఫిల్టర్‌లా పనిచేస్తుంది. అదే లైన్ విండోస్‌లో రన్ చేస్తే 10049 ఎర్రర్ వస్తుంది. ‘ఈ అడ్రస్ ఈ మెషిన్‌ది కాదు’ అని దాని అర్థం. అన్నిచోట్లా పనిచేసే దారి ఒకటే: 0.0.0.0కి, మీ పోర్ట్‌కి బైండ్ చేసి, ఆ తర్వాత ‘ఐపీ_యాడ్_మెంబర్‌షిప్’తో గ్రూప్‌లో చేరడం.

కానీ లైనక్స్‌లో దీనికో మెలిక ఉంది. 0.0.0.0కి బైండ్ చేసిన సాకెట్‌కి, అదే మెషిన్‌లో వేరే ప్రోగ్రామ్ చేరిన గ్రూప్ ప్యాకెట్లు కూడా వస్తాయి, పోర్ట్ ఒకటే అయితే చాలు. ‘నేను చేరని గ్రూప్ డేటా నాకెందుకు వస్తోంది?’ అని తల పట్టుకునేది ఇక్కడే. ‘ఐపీ_మల్టీకాస్ట్_ఆల్’ ఆప్షన్‌ని 0 చేస్తే ఆగిపోతుంది.

ఇక రెండు ప్రోగ్రాములు ఒకే పోర్ట్ పంచుకోవాలంటే లైనక్స్‌లో, విండోస్‌లో ‘రీయూజ్ అడ్రస్’ ఆప్షన్ సరిపోతుంది. మ్యాక్‌లో 0.0.0.0కి బైండ్ చేసేటప్పుడు ‘రీయూజ్ పోర్ట్’ కూడా కావాలి, లేకపోతే ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అంటుంది. విండోస్‌లో ‘రీయూజ్ పోర్ట్’ అనే ఆప్షనే లేదు. కాబట్టి ప్లాట్‌ఫామ్‌ని బట్టి కోడ్ విడగొట్టక తప్పదు.

ఇంకో టిప్: పోర్ట్ పంచుకున్నా, మల్టీకాస్ట్ ప్యాకెట్ మాత్రమే అందరికీ కాపీ అవుతుంది. మీకే నేరుగా వచ్చే యూనికాస్ట్ జవాబు మాత్రం ఆ సాకెట్లలో ఏదో ఒకదానికే వెళ్తుంది. అందుకే ప్రశ్న పంపడానికి వేరే పోర్ట్‌లో ఇంకో సాకెట్ ఓపెన్ చేసుకోవడం సేఫ్.

2. తప్పు ఇంటర్‌ఫేస్

నేను చూసిన కేసుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ల్యాప్‌టాప్‌లో వైఫై ఒక్కటే ఉందని మనం అనుకుంటాం. కానీ వర్చువల్‌బాక్స్, హైపర్-వీ, వీపీఎన్, డాకర్ ఒక్కోటీ ఒక్కో వర్చువల్ అడాప్టర్ పెట్టేసి ఉంటాయి. గ్రూప్‌లో చేరేటప్పుడు ఇంటర్‌ఫేస్ 0.0.0.0 అని ఇస్తే, ‘నీ ఇష్టం’ అని ఓఎస్‌కి చెప్పినట్టే. అది రూటింగ్ టేబుల్ చూసి ఒకదాన్ని ఎంచుకుంటుంది. అది వీపీఎన్ అయితే మీ ప్యాకెట్ మీ ఇంటి వైఫైలోకి రానే రాదు. లైనక్స్‌లో డీఫాల్ట్ రూట్ కూడా లేకపోతే చేరడమే ఫెయిలై ‘నో సచ్ డివైస్’ అంటుంది.

పరిష్కారం: మెషిన్‌లోని ఇంటర్‌ఫేసుల లిస్ట్ తీసుకుని, ఒక్కోదాని మీదా విడిగా చేరండి. పంపడానికి, వినడానికి సెట్టింగ్స్ వేరువేరు అని మర్చిపోవద్దు. చేరడం అనేది వినడానికే. పంపే దారిని ‘ఐపీ_మల్టీకాస్ట్_ఐఎఫ్’తో చెప్పాలి. ఒకటి సరిచేసి రెండోది వదిలేస్తే, డివైస్ మిమ్మల్ని చూస్తుంది కానీ మీరు దాన్ని చూడలేరు. వైఫై మారినప్పుడల్లా మళ్లీ చేరడం కూడా కోడ్‌లో ఉండాలి.

టీటీఎల్ సంగతి: మల్టీకాస్ట్‌కి డీఫాల్ట్ విలువ 1. అంటే ప్యాకెట్ రౌటర్ దాటదు. అయితే దాన్ని పెంచినంత మాత్రాన ఇంటి రౌటర్ మీ ప్యాకెట్‌ని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి పంపదు.

3. మన మాట మనకే వినపడటం

ఒకే పీసీలో పంపే ప్రోగ్రామ్, వినే ప్రోగ్రామ్ రెండూ పెట్టి టెస్ట్ చేస్తాం కదా. దీన్ని కంట్రోల్ చేసేది ‘ఐపీ_మల్టీకాస్ట్_లూప్’. లైనక్స్, మ్యాక్‌లలో దీన్ని పంపే సాకెట్ మీద పెట్టాలి. విండోస్‌లో వినే సాకెట్ మీద పెట్టాలి. పేరు ఒకటే, పనిచేసే వైపు వేరు. లైనక్స్‌లో ఆఫ్ చేసిన కోడ్‌ని అలాగే విండోస్‌కి తీసుకెళ్తే మన ప్యాకెట్లు మనకే తిరిగొస్తాయి. ప్రతి ప్యాకెట్‌లో ఒక ర్యాండమ్ ఐడీ పెట్టి, మనదైతే వదిలేయడం అన్ని ఓఎస్‌లలోనూ పనిచేసే ఉపాయం.

4. ఫోన్లలో రూల్స్ వేరు

ఆండ్రాయిడ్‌లో వైఫై చిప్ బ్యాటరీ మిగల్చడానికి మల్టీకాస్ట్ ప్యాకెట్లని కిందనే వడకట్టేస్తుంది. మానిఫెస్ట్‌లో ‘చేంజ్ వైఫై మల్టీకాస్ట్ స్టేట్’ పర్మిషన్ పెట్టి, వైఫై మేనేజర్ నుంచి మల్టీకాస్ట్ లాక్ తీసుకుంటే ఆ ఫిల్టర్ తెరుచుకుంటుంది. కొన్ని ఫోన్లలో లాక్ లేకపోయినా వస్తాయి, అందుకే ‘నా ఫోన్‌లో పనిచేస్తోంది, ఫ్రెండ్ ఫోన్‌లో లేదు’ అనే పరిస్థితి. వెతకడం అవగానే లాక్ వదిలేయండి. పట్టుకునే కూర్చుంటే యూజర్ బ్యాటరీ కరిగిపోతుంది, మీ యాప్ అన్‌ఇన్‌స్టాల్ అయిపోతుంది.

ఐఓఎస్ 14 నుంచి, అంటే 2020 నుంచి, లోకల్ నెట్‌వర్క్ కోసం యూజర్ అనుమతి తప్పనిసరి. సొంతంగా మల్టీకాస్ట్ ప్యాకెట్లు పంపాలంటే ఆపిల్‌ని అడిగి ప్రత్యేకంగా మల్టీకాస్ట్ ఎంటైటిల్‌మెంట్ కూడా తెచ్చుకోవాలి. అది లేకపోతే ‘నో రూట్ టు హోస్ట్’ లాంటి ఎర్రర్ కనిపించవచ్చు. అది చూసి రూటింగ్ టేబుల్ వెతకొద్దు, పర్మిషన్ చూడండి. 2024లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ సెకోయాలో కూడా ఈ లోకల్ నెట్‌వర్క్ అనుమతి వచ్చేసింది. మీకు కావాల్సింది డివైసుల్ని వెతకడం మాత్రమే అయితే, ఐఓఎస్‌లో బాన్‌జూర్ ఏపీఐ, ఆండ్రాయిడ్‌లో ఎన్‌ఎస్‌డీ మేనేజర్ వాడండి. చాలా తలనొప్పులు తప్పుతాయి.

టెస్టింగ్ మాత్రం నిజమైన ఫోన్ మీదే చేయండి. ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ సొంత వర్చువల్ రౌటర్ వెనక ఉంటుంది, డీఫాల్ట్ సెట్టింగ్‌లో ఉన్న డబ్ల్యూఎస్‌ఎల్2 కూడా నాట్ వెనకే ఉంటుంది. ఇంటి నెట్‌వర్క్‌లోని మల్టీకాస్ట్ అక్కడిదాకా చేరదు.

5. నాలుగు నిమిషాల తర్వాత ఆగిపోతోందా?

యాప్ ఓపెన్ చేయగానే డివైసులన్నీ కనిపిస్తాయి, కొద్ది నిమిషాలకి మాయమవుతాయి, రీస్టార్ట్ చేస్తే మళ్లీ వస్తాయి. ఈ లక్షణం కనిపిస్తే కోడ్ వదిలేసి స్విచ్ వైపు చూడండి.

పేపర్ ఏజెంట్ అప్పుడప్పుడూ ‘ఇంకా వేయమంటారా?’ అని అడుగుతాడు కదా, నెట్‌వర్క్‌లో ఆ పని చేసేది ఐజీఎంపీ క్వెరియర్. డీఫాల్ట్‌గా 125 సెకన్లకోసారి అడుగుతుంది. ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్‌లో ఉన్న స్విచ్, జవాబిచ్చిన పోర్టులకే ప్యాకెట్లు పంపుతుంది. స్నూపింగ్ ఉండి క్వెరియర్ లేకపోతే ఎవరూ అడగరు, ఎవరూ జవాబివ్వరు. రెండు క్వెరీల టైమ్, దానికి 10 సెకన్లు కలిపితే 260 సెకన్లు. అది దాటగానే ‘ఈ ఇంటికి పేపర్ అక్కర్లేదు’ అని స్విచ్ లిస్ట్‌లోంచి తీసేస్తుంది. అంటే 4 నిమిషాల 20 సెకన్లు. యాప్ రీస్టార్ట్ చేస్తే చేరిక మెసేజ్ మళ్లీ వెళ్తుంది కాబట్టి ఇంకో నాలుగు నిమిషాలు నడుస్తుంది. 224.0.0తో మొదలయ్యే గ్రూపులకి స్నూపింగ్ అడ్డుపడకూడదన్నది రూల్. అందుకే ఎండీఎన్‌ఎస్ బతికి, మీ 239 గ్రూప్ మాత్రమే చనిపోవచ్చు. రౌటర్‌లోనో స్విచ్‌లోనో క్వెరియర్ ఆన్ చేయడమే మందు.

కాలేజీ, హాస్టల్, కెఫే వైఫైల్లో ఇంకో అడ్డం క్లయింట్ ఐసొలేషన్. ఒక డివైస్ ఇంకో డివైస్‌తో మాట్లాడకుండా యాక్సెస్ పాయింటే ఆపేస్తుంది. దీనికి కోడ్‌లో పరిష్కారం లేదు, డెమో రోజు సొంత హాట్‌స్పాటో చిన్న రౌటరో తీసుకెళ్లండి.

పైగా వైఫైలో యాక్సెస్ పాయింట్ పంపే మల్టీకాస్ట్‌కి అక్‌నాలెడ్జ్‌మెంట్ ఉండదు. పోయిన ప్యాకెట్‌ని మళ్లీ పంపరు. కాబట్టి ఒక్కసారి అడిగి ఊరుకోకండి. ఎండీఎన్‌ఎస్ చేసేదే చేయండి: మొదటి రెండు ప్రశ్నల మధ్య కనీసం 1 సెకను, తర్వాత ప్రతిసారీ కనీసం రెట్టింపు గ్యాప్.

డీబగ్ చేసే ఆర్డర్

1. పంపే మెషిన్‌లో వైర్‌షార్క్ పెట్టండి. ప్యాకెట్ సరైన ఇంటర్‌ఫేస్ మీద బయటికి వెళ్తోందా? లేకపోతే పాయింట్ 2.

2. వినే మెషిన్ గ్రూప్‌లో నిజంగా చేరిందా? లైనక్స్‌లో ‘ఐపీ ఎంఅడర్ షో’, విండోస్‌లో ‘నెట్‌ష్ ఇంటర్‌ఫేస్ ఐపీ షో జాయిన్స్’, మ్యాక్‌లో ‘నెట్‌స్టాట్ -జీ’ కమాండ్ చెప్తుంది. లిస్ట్‌లో మీ గ్రూప్ ఉండటమే కాదు, సరైన ఇంటర్‌ఫేస్ కింద ఉండాలి.

3. వినే మెషిన్‌లో, యాప్ నడుస్తుండగానే, వైర్‌షార్క్‌లో ప్యాకెట్ కనిపిస్తోందా? కనిపించకపోతే తప్పు మధ్యలో ఉంది: స్నూపింగ్, ఐసొలేషన్, గెస్ట్ నెట్‌వర్క్.

4. వైర్‌షార్క్‌లో కనిపిస్తోంది, యాప్‌కి మాత్రం రావట్లేదా? ఫైర్‌వాల్ చూడండి. వైర్‌షార్క్ ఫైర్‌వాల్ కంటే ముందే ప్యాకెట్‌ని చూస్తుంది. విండోస్‌లో ఆ వైఫై ‘పబ్లిక్’ అని ఉందా, మొదటిసారి అడిగినప్పుడు క్యాన్సిల్ నొక్కేశారా చూడండి. రెండు నెట్‌వర్క్‌లున్న లైనక్స్ మెషిన్ అయితే ‘ఆర్‌పీ_ఫిల్టర్’ సెట్టింగ్ కూడా.

5. అవన్నీ ఓకే అయితే అప్పుడు కోడ్: బైండ్, పోర్ట్, రీయూజ్.

ఇంకో మాట. ఇవన్నీ సరిగ్గా రాసినా కొన్ని నెట్‌వర్క్‌లలో మల్టీకాస్ట్ పనిచేయదు. అందుకని యాప్‌లో ఐపీ అడ్రస్ టైప్ చేసే బాక్సో, క్యూఆర్ కోడ్ స్కానో తప్పకుండా పెట్టండి. వెతకడం ఫెయిలైనా యూజర్ పని ఆగకూడదు. ఇక మీరు డెవలపర్ కాకపోయినా సరే, ఈసారి కాస్ట్ ఐకాన్ రాకపోతే స్టార్స్ తగ్గించే ముందు ఫోన్, టీవీ రెండింటినీ ఒకే హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. అక్కడ ఐకాన్ వచ్చిందంటే తప్పు టీవీది కాదు, మీ రౌటర్ సెట్టింగ్‌ది.