త్యాగం కాదు, వంతు

తల్లి పోయిన ఇంట్లో దినాలు అయిపోయాక, ఎవరూ పైకి అనకుండానే పెద్దపిల్ల వంటింట్లోకి వెళ్తుంది. "బంగారు తల్లి, అమ్మ లేని లోటు తెలియనివ్వడం లేదు" అంటారు చుట్టాలు. మెచ్చుకుని బస్సెక్కుతారు. ఆ పిల్ల చదువు ఏమైందని అడిగేవాళ్లుండరు.

ఈ విషయంలో నాకు ఆదర్శంగా కనిపించేది వార్సాలోని ఒక ఇల్లు, మేరీ క్యూరీ పుట్టిల్లు. తల్లి బాలికల బడి నడిపిన మనిషి. క్షయ పట్టాక పిల్లల్ని ముద్దు పెట్టుకోవడం మానేసింది, తను తినే గిన్నెలు వేరుగా పెట్టుకుంది. అమ్మ ఎందుకు దగ్గరకు తీయదో చిన్నదానికి అర్థమయ్యేది కాదు. డబ్బు చాలక తండ్రి ఇంట్లో విద్యార్థులకు బస ఇచ్చాడు. వాళ్ల నుంచి టైఫస్ సోకి పెద్దకూతురు పోయింది. 1878లో తల్లీ పోయింది. ఇంట్లో మాన్యా అని పిలుచుకునే మేరీకి అప్పటికి పదేళ్లు.

బడి చదువు కాగానే ఇంటి బాధ్యత అక్క బ్రోన్యా మీద పడింది. అన్న అదే ఊళ్లో వైద్యం చదివాడు. అక్కడి విశ్వవిద్యాలయం అప్పట్లో ఆడపిల్లల్ని చేర్చుకునేది కాదు. బ్రోన్యా పారిస్ వెళ్లి డాక్టరు కావాలనుకుంది, డబ్బు లేదు. అప్పుడు చెల్లెలే బేరం పెట్టింది: ముందు నువ్వు వెళ్లు, నేను సంపాదించి పంపుతాను, డాక్టరువయ్యాక నన్ను చదివించు. 1886 నుంచి ఓ పల్లెలో ఒక ధనిక కుటుంబం పిల్లలకు చదువు చెబుతూ, జీతంలో దాదాపు సగం అక్కకు పంపింది. రాత్రిళ్లు ఫిజిక్స్, లెక్కలు సొంతంగా చదువుకుంది. తండ్రీ ఊరుకోలేదు. రిటైరయ్యాక ఓ బాలనేరస్థుల సంస్థలో ఇష్టం లేని ఉద్యోగంలో చేరి బ్రోన్యాకు డబ్బు పంపాడు.

దీన్ని త్యాగమంటే నేనొప్పుకోను. వంతు అంటాను. ఎవరు, ఎవరికోసం, ఎప్పటిదాకా అన్నది నోరు తెరిచి మాట్లాడుకున్నారు. గడువు లేని త్యాగమే పదిహేనేళ్ల తర్వాత ఆస్తి పంపకాల దగ్గర దెప్పిపొడుపై బయటపడుతుంది. మన ఇళ్లలో ఈ మాట ఎత్తాల్సింది తండ్రి. ఈ ఏడాది వంట ఎవరెవరు చేస్తారు, పెద్దదాని కాలేజీ ఫీజు ఎక్కణ్నుంచి వస్తుంది, తమ్ముడు ఉద్యోగంలో చేరాక ఏం చేయాలి అని కూర్చోబెట్టి అడగాలి. కొడుక్కీ గరిటె ఇవ్వాలని వేరే చెప్పాలా?

ఒప్పందం ఉన్నంత మాత్రాన అంతా సాఫీగా సాగిపోదు. 1890లో బ్రోన్యా రమ్మని రాస్తే మాన్యాకు కాళ్లాడలేదు. నాన్న ఒంటరివాడైపోతాడంది. తన చదువు ఆశ ఎప్పుడో వదులుకున్నట్టు మాట్లాడింది. తన వంతు వచ్చినా తీసుకోలేనంతగా ఇంటికి అలవాటు పడిపోవడం ఇలాంటి పిల్లల్లో మామూలే. అక్క మాత్రం పట్టు వదల్లేదు. 1891లో మాన్యా పారిస్ చేరి, కొన్నాళ్లు అక్కాబావల దగ్గరే ఉంది. బావగారి కబుర్లు, పియానో, వచ్చేపోయే స్నేహితుల మధ్య చదువు సాగలేదు. చివరికి యూనివర్సిటీకి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక చిన్న అద్దెగది చూసుకుని మారిపోయింది.