రెండు రాత్రి పక్షులు – వాని భేదము

నడికుడి రైలు కూడలి దాటి ఊరి వెలుపలికి నడచినచో రాతి నేలలును, ముండ్ల పొదలును గల బీళ్లు కనఁబడును. సంజ చీఁకటి క్రమ్మునపుడు ఇట్టి బీళ్లలో సద్దు లేక యెగురు పక్షులు కొన్ని కలవు. ఆంగ్లమున వీనిని నైట్‌జార్లందురు. ఇవి గుడ్లగూబలు కావు. చిన్న ముక్కును, మిక్కిలి వెడల్పైన నోరును గలిగి, యెగురుచునే దీపపు పురుగులను, పెంకు పురుగులను, ఉసిళ్లను బట్టి తినును. ఇట్లు కర్షకునకు మేలు చేయును.

పూర్వము యూరపు ఖండమున ఈ పక్షులు మేఁకల పాలు త్రాగునని జనులు నమ్మిరి. వీని కిడిన కాప్రిముల్గస్ అను శాస్త్రనామమునకు 'మేఁకపాలు పిదుకునది' యని యర్థము. నిజమునకు మందచుట్టు మూఁగు పురుగులకై యవి వచ్చును. చక్కఁగాఁ జూడక నిర్ణయించుటచే నిరపరాధియగు పక్షికి దొంగ యను పేరు వచ్చినది.

అట్టి తొందరపాటు మాకును గలిగెను. ఒక సాయంకాలము మేము లాంతరును, వ్రాఁతపుస్తకమును గొని బీటికిఁ బోయితిమి. దారిలోఁ గూర్చున్న పక్షి కన్ను వెలుఁగు సోఁకి నిప్పుకణమువలె మెఱసెను. వెంటనే 'సవానా నైట్‌జార్' అని వ్రాసికొంటిమి. పిదప విచారింపఁగా, దానిని బోలిన ఇండియన్ నైట్‌జార్ కన్నును అట్లే మెఱయునని తెలిసినది. ఆ పేరు కొట్టివేసి, మరల నేర్చుకొన నారంభించితిమి.

ఈ రెండింటిని వేఱుపఱచుట సులభము కాదు. లాథమ్ పండితుఁడు 1790లో ఇండియన్ నైట్‌జార్‌కు ఏషియాటికస్ అనియు, హార్స్‌ఫీల్డ్ పండితుఁడు 1821లో సవానా నైట్‌జార్‌కు అఫినిస్ అనియుఁ బేరు పెట్టిరి. అఫినిస్ అనఁగా దగ్గఱి చుట్టము. రెండును ఎండుటాకుల వన్నె గలవి. పగలు నేలపైఁ గదలక పడియుండును.

అయినను గుర్తులు కలవు. ఇండియన్ నైట్‌జార్ మెడవెనుక పసుపు కలిసిన యెఱ్ఱని పట్టె యుండును. నడినెత్తిన నల్లని చాఱలు స్పష్టముగాఁ గనఁబడును. సవానా నైట్‌జార్ బూడిదవన్నె మిక్కిలిగాఁ గలది. దానికి అట్టి పట్టె తెలియదు. ఎగురునపుడు తోకను జూడవలెను. సవానా మగపక్షి తోకలో ఇరుప్రక్కల నుండు వెలుపలి యీకలు దాదాపు పూర్తిగాఁ దెల్లనివి. ఇండియన్ నైట్‌జార్‌కుఁ గొనలు మాత్రమే తెలుపు. కాని సవానా ఆఁడుపక్షి తోకలోఁ దెలుపు లేదు. కావునఁ దోకలోఁ దెలుపు కనఁబడనంతనే 'ఇది సవానా కాదు' అని చెప్పరాదు.

అన్నింటికంటె నమ్మఁదగినది కూఁత. గోలీని గచ్చుమీఁద జాఱవిడిచినచో 'టక్, టక్' అని మొదట నెడముగాను, తుదకుఁ ద్వరత్వరగాను మ్రోఁగును గదా! ఇండియన్ నైట్‌జార్ కూఁత అట్టిది. సవానా నైట్‌జార్ 'చ్వీప్' అని తీక్ష్ణముగా నఱచును. ఎగురుచుండియు నట్లే కూయును. కన్ను మోసపోయినచోట చెవి సాక్ష్యము చెప్పును.

ఈ పక్షులు గూడు కట్టవు. వట్టి నేలమీఁదనే గ్రుడ్లు పెట్టి పొదుగును. కావున బీళ్లలో నడచువారు అడుగు చూచి వేయవలెను, గ్రుడ్లను ముట్టరాదు. రాత్రివేళ దారులపైఁ గూర్చుండు నలవాటుచే బండ్ల క్రింద నవి నలుగుటయుఁ గలదు.

'పేరు తెలియుటవలన లాభమేమి?' యని కొందఱడుగుదురు. పురుగులఁ దిను మఱియొక రాత్రి పక్షి, కలివికోడి, 1900 తరువాతఁ గనఁబడమిచే నశించినదని తలంపఁబడెను. 1986లోఁ గడప జిల్లా ముండ్లపొదలలో మరలఁ గనఁబడెను. బీడు పనికిమాలినదని మనము తలఁతుము. అందెవరు కాపురమున్నారో యెఱుఁగనివాఁడు వారిని గాపాడఁజాలఁడు. కావున విద్యార్థులారా, విన్నది వినినట్లు, చూచినది చూచినట్లు వ్రాయుఁడు. నిశ్చయము లేనప్పుడు పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడువుఁడు. ఆ ఖాళీయు సత్యమే.