చివరి మజిలీ

పాఠ్యభాగము: ఆదికాండము 32, 33 అధ్యాయములు, 35:27–29



ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట మేమిద్దరము చిరకాలముగా తలంచుచుండిన యాత్ర ఒకటి ఈ యేడు నెరవేరెను. క్రిస్మసు పండుగ ముగిసిన వారమున మా పాత చిన్న కారులో చిత్తూరు నుండి బయలుదేరి, మన తెలుగు సంఘముల పుట్టుచోట్లను కన్నులార చూడవలెనని సుమారు 2,000 కిలోమీటర్లు తిరిగి, ఫిబ్రవరి మాసమున ఇల్లు చేరితిమి. ఒంగోలు చేరువ గుండ్లకమ్మ యొడ్డున, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిన ప్రాంతమున నిలిచి ప్రార్థించితిమి. 1912లో బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్యగారి దోర్నకల్లును చూచితిమి. 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయములో ఆరాధించితిమి. అయితే ఇప్పుడు వ్రాయదలచినది వాటిని గూర్చి కాదు. తిరుపతి నుండి చిత్తూరు వరకు గల చివరి 70 కిలోమీటర్లను గూర్చియే.

కడప నుండి రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా వచ్చి తిరుపతిలో ఒక స్నేహితుని యింట రాత్రి బస చేసితిమి. నడుములు నొచ్చుచుండెను, మనసు అప్పుడే ఇల్లు చేరియుండెను. మాటల నడుమ ఆ స్నేహితుడు, "కొండకు నడిచిపోయేవాళ్లకు అలిపిరి దగ్గర కాదండీ కష్టము. చాలా దూరము ఎక్కి, ఇంక వచ్చేసినాము అనుకొనేటప్పుడు మోకాళ్ల మెట్టు ఎదురవుతుంది" అనెను. ఆ మాట మా మనసున నాటుకొనెను.

రాత్రి మా ఇల్లాలు మెల్లగా అడిగెను: "ఏమండీ, రెండు వేల కిలోమీటర్లు తిరిగినాము. ఎవరెవరి సమాధులో చూసినాము. రేపు మీ తమ్ముని ఊరి మలుపు వస్తుంది. పోయేటప్పటి మాదిరే అద్దము ఎత్తుకొని దాటిపోదామా?"

పోవునప్పుడు ఆ మలుపును చీకటితోనే దాటితిమి. ఎండ ముదరక మునుపే పోవలెనని సాకు చెప్పితిమి. డిసెంబరులో ఎండ యెక్కడిది?

తండ్రిగారు పోయిన తరువాత మామిడితోపు పంపకములో మాకును మా తమ్మునికిని మాట పట్టింపు కలిగెను. మేము బయట ఊళ్లలో ఉద్యోగము చేయుచుండగా ముప్పది యేండ్లు ఆ చెట్లకు నీరు పెట్టినది అతడు. సగము మాది అని మేము పట్టుబట్టితిమి. చట్టము మా పక్షముననే యుండెను. బావి దగ్గరి నాలుగు వరుసల చెట్లు మాత్రము తనకు అదనముగా విడువుమని అతడు కోరెను. అందుకు మేము వ్రాసిన జాబు, చదువుకొన్న అన్న చదువు మానిన తమ్మునికి వ్రాయదగినది కాదు. ఎనిమిదేండ్లు మాటలు లేకపోయెను. ఈ యెనిమిదేండ్లును మేము ప్రభువు బల్ల యొద్దకు పోవుచునే యుంటిమి.

ఆ రాత్రి నిద్ర పట్టక యాకోబు తిరుగు ప్రయాణమును మరల చదివితిమి. మూడు సంగతులు మాకు కనబడెను.

మొదటిది: యాకోబు ఏశావునకు తానే కబురంపెను. లాబాను యొద్ద ఇరువది సంవత్సరములు గడిపి, అతనితో నిబంధన చేసికొని, మందలతోను బిడ్డలతోను అతడు వచ్చుచుండెను. ఏశావు దూరమున శేయీరు దేశమున ఉండెను. అయినను స్వదేశమునకు తిరిగి వెళ్లుమను దేవుని ఆజ్ఞలో అన్న ముఖము చూడుట కూడ ఇమిడియున్నట్లు యాకోబు గ్రహించెను. మనము దూరదేశపు లాబానులతో త్వరగా సమాధానపడుదుము. తోడబుట్టినవాని యొద్దకు పోవుటయే మనకు భారము.

రెండవది: యబ్బోకు రేవునకు ముందు యాకోబు వెనుక నుండెను; ఆ రాత్రి తరువాత ముందు నడిచెను. మేకలు, గొఱ్ఱెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి, ఒంటె పిల్లలు గాక 550 పశువులను మందలు మందలుగా ముందు పంపి, తాను వెనుక నిలిచెను. భయపడువాడు కానుకను పంపును గాని తాను రాడు. రాత్రియంతయు దేవునితో పెనుగులాడి, తొడ గూడు వసలిన పిమ్మట, అతడు కుంటుచునే అందరికంటె ముందు వెళ్లి, ఏడుమారులు నేల మట్టునకు సాగిలపడెను (33:3). దేవుడు అతనికి బలము నిచ్చుటకు ముందు అతని బలమును తీసివేసెను.

మూడవది: 33:11లో యాకోబు తన కానుకకు వాడిన హెబ్రీ మాటకు ఆశీర్వాదమని అర్థము. 27వ అధ్యాయములో మోసముచేత పొందిన దానికిని అదే మాట. ఏ పేరుగల దానిని తీసికొనెనో ఆ పేరుతోనే తిరిగి ఇచ్చుచున్నాడు. క్షమాపణ కోరువాడు తాను తీసికొనినది ఏదో పేరు పెట్టి చెప్పవలెను. "ఏదో జరిగిపోయినది, మరచిపోదము" అనుట సులువు. అది ఒప్పుకోలు కాదు.

తెల్లవారి చంద్రగిరి కోట దాటి పూతలపట్టు త్రోవను పోవుచు, ఆ మలుపు వద్ద కారు నిలిపి కొంతసేపు ఊరక కూర్చుంటిమి. మామిడి పూత మీద ఉండెను. తమ్ముడు బావి యొద్ద మోటారు విప్పుచుండెను. తలయెత్తి, "ఏమన్నా, ఇంత పొద్దున్నే? వదినా, రాండి లోపలికి" అనెను. ఏశావువలె పరుగెత్తి రాలేదు. మెడమీద పడి యేడ్వలేదు. మేము దారి పొడుగున కూర్చుకొన్న మాటలన్నియు మరచిపోతిమి. "ఆ జాబు నాది తప్పురా నాయనా. బావి దగ్గర నాలుగు వరసలు నీవే. కాగితము రాయిస్తాను" అని మాత్రము చెప్పగలిగితిమి.

అతడు చేతి కంటిన నూనె తుడుచుకొనుచు చాలసేపు మాటాడలేదు. తరువాత, "నాలుగు వరసల కోసము కాదన్నా. ముప్పై యేండ్లు నీళ్లు పెట్టినానని నీ నోట ఒక్క మాట వస్తుందని చూసినాను" అనెను.

మేమెన్నడును ఆ మాట అనియుండలేదు. అప్పుడు అంటిమి.

మరదలు సంగటి, ఊరుబిండి పెట్టెను. ఇంకను మాటాడవలసినవి కొన్ని గలవు. యాకోబు కూడ శేయీరునకు వచ్చెదనని చెప్పి సుక్కోతునకు పోయెను. సమాధానము ఒక్క పూటలో ముగియునది కాదు. అయినను తండ్రియైన ఇస్సాకు చనిపోయినప్పుడు ఏశావు యాకోబులు కలిసి అతనిని పాతిపెట్టిరి (35:29). మేము కారెక్కునప్పుడు తమ్ముడు, "కాయ దిగినప్పుడు రాండి" అనెను. పోవుదుము.

ప్రియులారా, మన ప్రాంతమున సువార్తపని చేసిన ఆర్కాటు మిషను 1853లో స్కడ్డరు కుటుంబపు ముగ్గురు అన్నదమ్ములు కలిసి నెలకొల్పినది. ఆ మిషనుకు చెంది, మదనపల్లెలో చిరకాలము పనిచేసి 1908లో అక్కడనే కన్నుమూసిన డాక్టరు ఛేంబర్లేనుగారి పేరును యాకోబే. 1863లో ఆయన సుమారు 1,200 మైళ్లు సువార్త యాత్ర చేసెను. తిరుగు త్రోవలో గోదావరి ప్రాంతపు అడవిలో వరదలు అడ్డగించి, పొద్దు క్రుంకుచుండగా ప్రార్థించితిననియు, కట్టు తెగి కొట్టుకొనివచ్చిన పడవ ఒకటి దొరికెననియు ఆయన వ్రాసియుంచెను. అలసిన వేళనే వరద ఎదురాయెను. ఆ చోటనే సహాయమును కలిగెను.

మనలో అనేకుల ప్రయాణము ముగింపునకు వచ్చుచున్నది. చూడదలచిన స్థలములు చూచితిమి, బిడ్డల పెండ్లిండ్లు చేసితిమి, ఇల్లు కట్టితిమి. దాటిపోయిన మలుపు ఒకటి మిగిలియున్నదేమో. బలిపీఠము నొద్ద సహోదరుడు జ్ఞాపకమునకు వచ్చినయెడల అర్పణమును అక్కడ విడిచి, ముందుగా అతనియొద్దకు పోవలెనని మన ప్రభువు నేర్పెను (మత్తయి 5:23, 24). ఎవరిది ఎక్కువ తప్పు అని ఆయన అక్కడ విచారింపలేదు; లేచి పొమ్మనెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపదగిన ప్రశ్నలు:

1. మనము కానుక పంపి, మనము మాత్రము వెనుక నిలిచిన సందర్భము కలదా?

2. చట్టము మన పక్షమున నుండి, ప్రేమ మన పక్షమున లేకపోయిన వ్యవహారము ఏది?

3. మన యింటివారిలో ఎవరి ప్రయాసమును మనము నోరు తెరచి ఒప్పుకొనవలసియున్నది?

ప్రార్థన: ప్రభువా, మా త్రోవ ముగియక మునుపే మేము దాటిపోయిన మలుపునకు మమ్మును తిరిగి నడిపింపుము. మా గర్వపు బలమును తీసివేసి, కుంటుచునైనను ముందు నడుచు కృప దయచేయుము. ఆమేన్.