పని చేసినా కూలి రాలేదు

పని చేశాము. కూలి రాలేదు.

ఈ రెండు మాటలు కలిపి రాద్దాం.

పని చేసినా కూలి రాలేదు.

'నా' చేరగానే అన్యాయం కంటికి కనబడింది.

అక్కల్లారా, ఇప్పుడు ఇవి చదవండి.

కూలి తక్కువైనా పని చేశాము.

పని చేసినా కూలి తక్కువ ఇచ్చారు.

మొదటిది మన ఓర్పు. రెండోది మన ఫిర్యాదు. చివర ఉన్న మాటకే బరువు ఎక్కువ. అర్జీ రాస్తే ఫిర్యాదు చివర ఉండాలి.

ఇంకొకటి చదవండి.

చదువు కొత్తయినా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు.

ఇది నెల్లూరు జిల్లాలో జరిగింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఈ వాక్యం చివర ఏముంది? గెలుపు ఉంది.

మీరు కలిపి రాయండి:

బోరు వేశారు. నీళ్లు రావు.

బడి ఉంది. పంతులు రాడు.