బావి గట్టు నుండి సదస్సు వేదికకు

పాఠ్యభాగ ఉద్దేశం: డిగ్రీ స్థాయిలో చేసిన పరిశోధనను విద్యార్థి సదస్సులో సమర్పించడానికి కావలసిన సన్నాహాన్ని, ఆ సన్నాహానికి మూలమైన సత్యనిష్ఠను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

విద్యార్జనలో రెండు దశలున్నాయి. ఇతరులు కనుగొన్న విషయాన్ని గ్రహించడం మొదటిది. తాను కనుగొన్న విషయాన్ని ఇతరుల ముందుంచి, వారి పరీక్షకు నిలవడం రెండవది. ఇంటర్మీడియట్ వరకు విద్యార్థి జీవితం ప్రధానంగా మొదటి దశలోనే సాగుతుంది. డిగ్రీలో చేరిన పిమ్మట చిన్నదో పెద్దదో ఒక పరిశోధన చేపట్టి, సదస్సులో పత్రం సమర్పించే అవకాశం కలుగుతుంది. ఆ అవకాశం ఎంత ఉత్సాహాన్నిస్తుందో, అంత భయాన్నీ కలిగిస్తుంది. 'పెద్దలు కూర్చున్న సభలో చిన్నవాడు చెప్పగలిగింది ఏముంటుంది?' అన్న సందేహమే ఆ భయానికి కారణం.

ఆ సందేహానికి చరిత్రలో చక్కని సమాధానం ఉంది. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజులవి. మద్రాసులోని ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదువుతున్న సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, 1928లో ఆ నగరానికి వచ్చిన జర్మన్ శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్‌ను కలుసుకొన్నాడు. తాను గ్రంథాలలో నేర్చుకొన్న భౌతికశాస్త్రం అప్పటికే ఎంతో మారిపోయిందని ఆయన ద్వారా తెలుసుకొన్నాడు. అయినా నిరుత్సాహపడక, కొత్త సిద్ధాంతాలను స్వయంకృషితో అధ్యయనం చేశాడు. 1929 జనవరిలో మద్రాసులో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో పత్రం సమర్పించాడు. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరాలు. ఇంకా పట్టభద్రుడు కాలేదు.

అటువంటి వేదికలు మహానగరాలకే పరిమితం కాలేదు. 1954లో స్థాపితమైన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 2017 జనవరిలో 104వ భారత సైన్స్ కాంగ్రెస్‌కు ఆతిథ్యమిచ్చింది. తిరుపతికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నది పాకాల. ధర్మవరం, కాట్పాడి, తిరుపతి మార్గాలు కలిసే రైల్వే కూడలిగా ఈ ఊరు ప్రసిద్ధం. స్వర్ణముఖి నది జన్మస్థానం పాకాల సమీపంలోని కొండలే. అక్కడ పుట్టిన నది తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకమేటలతో కనిపించే ఈ నది, 2021 నవంబరులో వరదై పొంగింది. కరవును, వరదను రెండింటినీ ఎరిగిన ఈ నేలలో పరిశోధకునికి ప్రశ్నల కొరత లేదు.

పాకాల ప్రాంతానికి చెందిన డిగ్రీ విద్యార్థిని ఒకతె అటువంటి ప్రశ్నను ఎంచుకొన్నదని ఊహించవచ్చు. 'చెరువు నిండితే చుట్టుపక్కల బావులలో నీరు ఎంత పెరుగుతుంది?' అన్నది ఆమె ప్రశ్న. చెరువు నిండితే బావులు ఊరుతాయని రైతులు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. కాని ఎంత మేరకు, ఎంత దూరం వరకు అన్నది కొలిచి చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడి నేల అడుగున గట్టి రాయి ఉంటుంది. నీరు రాతిపైనున్న శిథిలపు పొరలోను, రాతి పగుళ్ళలోను నిలుస్తుంది. అందువల్ల పక్కపక్కనే ఉన్న రెండు బావులైనా ఒకే తీరుగా ఉండవు. ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసి చెరువు నిండిన తరువాత మరొకసారి పన్నెండు బావులను కొలవాలని ఆమె నిశ్చయించుకొంది.

కొలత సులభమని తోచినా అందులో మెలకువలు ఉన్నాయి. టేపును పిట్టగోడ మీది నుండి దింపితే, ఆ గోడ ఎత్తును తీసివేసిన తరువాతనే నేల నుండి నీటి లోతు తెలుస్తుంది. మోటారు ఆపిన వెంటనే కొలిస్తే నీటిమట్టం ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తుంది. బావి తిరిగి ఊరేవరకు ఆగాలి. ఆమె రైతుల అనుమతి తీసుకొని, తేదీని, వేళను, కొలతను నోటుపుస్తకంలో రాసుకొంది. ఒక వృద్ధ రైతు, "ఏం పాపా, ఈ లెక్కలన్నీ తీసకపోయి ఏం జేస్తావు? మాకేమన్నా చెప్తావా?" అని అడిగాడు. తప్పక వచ్చి చెబుతానని ఆమె మాట ఇచ్చింది.

రెండవ విడత కొలతలు పూర్తయ్యాక ఫలితాలను పట్టికలో వేసి చూసింది. పదకొండు బావుల లెక్క ముచ్చటగా కుదిరింది. చెరువుకు దగ్గరగా ఉన్నవాటిలో నీరు బాగా పెరిగింది. దూరం పోయేకొద్దీ పెరుగుదల తగ్గింది. పన్నెండవది మాత్రం చెరువుకు అతి సమీపంలో ఉండికూడ దాదాపు పెరగలేదు. అది ఆ వృద్ధ రైతు బావియే. సదస్సుకు సారాంశం పంపవలసిన గడువు దగ్గరపడింది. ఆ ఒక్క బావిని పట్టిక నుండి తొలగిస్తే నిర్ణయం నిర్దుష్టంగా కనిపిస్తుంది. తొలగించిన సంగతి ఎవరికీ తెలియదు కూడ.

ఆమె తన సంకటాన్ని మార్గదర్శక అధ్యాపకునికి విన్నవించింది. "కొలతలో తప్పు జరిగినట్లు నిదర్శనం ఉంటే ఆ సంగతి రాసి తొలగించవచ్చు. మనకు నచ్చలేదన్న కారణంతో తొలగించకూడదు" అని ఆయన చెప్పాడు. ఆమె నోటుపుస్తకం తిరగవేసింది. ఆ రోజు మోటారు ఎప్పుడు ఆపారో అందులో రాసి లేదు. మోటారు వల్ల అలా జరిగిందో, అడుగున ఉన్న రాతి వల్ల జరిగిందో చెప్పడానికి ఆధారం లేకపోయింది. మరొక ఆలోచన కూడ ఆమె మనస్సును కలచింది. 'చెరువుకు దగ్గరగా ఉన్న ప్రతి బావీ ఊరుతుంది' అన్న మాటను నమ్మి ఏ రైతైనా అప్పుచేసి బావిని లోతు చేయిస్తే, పొరపాటుకు మూల్యం చెల్లించేది ఆ రైతే. పన్నెండవ బావి పట్టికలోనే ఉండిపోయింది.

అప్పటి నుండి ఆమె సన్నాహమంతా ఒక దారిలో పడింది. మొదట 'పాకాల మండల భూగర్భజలాలు' అని శీర్షిక పెట్టాలనుకొంది. పన్నెండు బావులు మండలమంతటికీ సాక్ష్యం కాజాలవని గ్రహించి, 'ఒక చెరువు పరిసరాలలోని పన్నెండు బావులలో నీటిమట్టపు మార్పు' అని సరిదిద్దుకొంది. శీర్షిక చిన్నబోయింది, కాని నిజానికి దగ్గరైంది. సారాంశంలో నాలుగు విషయాలు ఉండాలి: అడిగిన ప్రశ్న, అనుసరించిన పద్ధతి, లభించిన ఫలితం, ఆ ఫలితానికి గల పరిమితి. చాలామంది నాలుగవదాన్ని వదిలివేస్తారు. అనుభవజ్ఞులు ముందుగా వెదికేది దానినే.

ప్రసంగానికి పది నిమిషాలే వ్యవధి అయితే, ఏడాది శ్రమనంతటినీ చెప్పడం సాధ్యం కాదు. ఏది చెప్పాలన్నదానికంటె ఏది విడిచిపెట్టాలన్నదే కష్టమైన నిర్ణయం. ఆమె ఒక పటాన్ని, ఒక పట్టికను, ఒక రేఖాచిత్రాన్ని మాత్రమే ఉంచుకొంది. వెనుక వరుసలో కూర్చున్నవారికీ కనిపించేటట్లు అక్షరాలను పెద్దవి చేసింది. ఆంగ్లంలో మాట్లాడవలసి ఉంటుందన్న బెరుకు ఆమెను చాలాకాలం వేధించింది. ముందుగా విషయమంతటినీ ఇంట్లో తల్లికి తెలుగులో చెప్పి చూసింది. తల్లికి అర్థం కాని చోటు, తనకే స్పష్టంగా తెలియని చోటని గుర్తించింది. భావం స్థిరపడిన తరువాత ఆంగ్లవాక్యాలు చిన్నవిగా, సూటిగా వచ్చాయి. కంఠస్థం చేయకుండా, గడియారం ముందు పెట్టుకొని పలుమార్లు అభ్యసించింది.

పత్ర సమర్పణలో అసలైన పరీక్ష ప్రశ్నోత్తరాల సమయం. చంద్రశేఖర్‌కు సైతం అది తప్పలేదు. 1935 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సమావేశంలో నక్షత్రాల అంతిమదశను గురించిన తన సిద్ధాంతాన్ని అతడు వివరించగానే, సుప్రసిద్ధ శాస్త్రవేత్త ఎడింగ్టన్ దానిని పరిహసించాడు. చంద్రశేఖర్ తన గణితాన్ని విడువలేదు, పరిశోధననూ మానలేదు. 1983లో నోబెల్ బహుమతి అతనిని వరించింది. ఆధారమున్న మాటకు కట్టుబడి ఉండడం ఎంత అవసరమో, ఆధారం లేనిచోట 'తెలియదు' అని ఒప్పుకోవడం అంతే అవసరం.

సదస్సులో ఆమె ఊహించిన ప్రశ్నే ఎదురయింది. "ఈ ఒక్క బావిలో నీరెందుకు పెరగలేదు?" అని ఒక ఆచార్యుడు అడిగాడు. "ఆ రోజు మోటారు ఆపిన వేళను నేను నమోదు చేయలేదు. అందువల్ల కారణం చెప్పలేను. వచ్చే ఏడాది ఆ బావిని మళ్ళీ కొలుస్తాను" అని ఆమె తడబడకుండా సమాధానమిచ్చింది. ఆచార్యుడు తల ఊపి, బావి గోడలో రాతి పగుళ్ళు ఏ వైపునకు ఉన్నాయో కూడ చూడమని సూచించాడు. దాచిపెట్టి ఉంటే దోషంగా మిగిలిపోయే విషయం, బయటపెట్టినందువల్ల కొత్త పరిశోధనకు దారి అయింది.

ఊరికి తిరిగివచ్చిన మరునాడు ఆమె టేపు, నోటుపుస్తకం తీసుకొని వృద్ధ రైతు బావి గట్టుకు వెళ్ళింది. తెలిసినది చెప్పింది, తెలియనిది కూడ చెప్పింది. ఆయన బావిలోకి ఒకసారి తొంగిచూసి, "అయితే రేపు తెల్లారి మోటారు ఎయ్యను, వచ్చి కొలుసుకో పాపా" అన్నాడు.

కఠిన పదాలకు అర్థాలు
సత్యనిష్ఠ = సత్యమునందు నిలకడ
పట్టభద్రుడు = డిగ్రీ పూర్తిచేసినవాడు
శిథిలపు పొర = రాయి చివికి ఏర్పడిన పొర
నిర్దుష్టం = దోషం లేనిది
సంకటం = ఎటూ తేల్చుకోలేని ఇబ్బంది
పరిమితి = హద్దు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సదస్సులో పత్రం సమర్పించడానికి విద్యార్థిని చేసిన సన్నాహాన్ని వివరించండి.
2. పన్నెండవ బావిని పట్టిక నుండి తొలగించకపోవడానికి గల కారణాలను సమీక్షించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బావిలో నీటి లోతును కొలిచేటప్పుడు పాటించవలసిన మెలకువలు ఏవి?
2. చంద్రశేఖర్ విద్యార్థి దశలో సాధించినదేమి?
3. సారాంశంలో ఉండవలసిన నాలుగు విషయాలను పేర్కొనండి.

సందర్భసహిత వ్యాఖ్యలు
1. శీర్షిక చిన్నబోయింది, కాని నిజానికి దగ్గరైంది.
2. తెలిసినది చెప్పింది, తెలియనిది కూడ చెప్పింది.