కారు నల్లపొగ

ఒక ఊళ్లో ఒక డ్రైవరు. పాత డీజిలు కారును కిరాయికి తిప్పుతాడు. కొన్నాళ్లుగా కారు నల్లగా పొగ వదులుతోంది. చెరువు కట్ట ఎక్కలేకపోతోంది.

మెకానిక్కు వచ్చి చూశాడు.

"అన్నా, ఇ.జి.ఆర్. వాల్వుకు మసి పట్టింది."

"అదేంటి?"

ఇంజనులో వేడి బాగా పెరిగితే గాలిలోని నైట్రోజను, ఆక్సిజను కలుస్తాయి. విషవాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులకు చేటు. అందుకే కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపుతారు. వేడి తగ్గుతుంది. ఆ దారికి తలుపు ఈ వాల్వు. మసి పేరుకుంటే తలుపు సరిగా మూసుకోదు. ఇంజనుకు చాలినంత గాలి అందదు. డీజిలు సగం కాలి నల్లపొగ వస్తుంది.

"రేకుముక్క పెట్టి దారి మూసేయ్. చాలామంది అదే చేస్తున్నారుగా!"

"నల్లపొగ తగ్గుద్ది. కంటికి కనపడని విషం పెరుగుద్ది. నీ కారు వెనకాల బడిపిల్లలు నడుస్తారన్నా."

డ్రైవరు మాట్లాడలేదు. అతని కూతురూ ఆ దారినే బడికి పోతుంది.

ఇంజను చల్లారేదాకా ఆగారు. బ్యాటరీ నెగటివు వైరు తీశారు. బోల్టులు విప్పి వాల్వు బయటికి తీశారు. లోపల అట్టలు కట్టిన మసి! కార్బురేటరు క్లీనరు కొట్టి, బ్రష్షుతో రుద్దారు. కరెంటు భాగానికి తడి తగలనివ్వలేదు. క్లీనరుకు ఇట్టే మంట అంటుకుంటుంది. పక్కన బీడీ ముట్టించబోయిన ముసలాయన్ని దూరం పొమ్మన్నారు. కొత్త గ్యాస్కెట్టు వేసి బిగించారు.

కారును ఆరుబయటికి తోసి స్టార్టు చేశారు. మూసిన షెడ్డులో ఇంజను నడిపితే ఆ పొగ ప్రాణం తీస్తుంది.

"ఇంకా పొగ వస్తే?"

"వాల్వు మార్చాల్సిందే. ఖర్చు ఎక్కువ."

సాయంత్రం కారు కట్ట ఎక్కింది. డ్రైవరు అద్దంలో వెనక్కి చూసుకున్నాడు.