గొట్టపు పైలు లోపలి ఇసుకను చదవగలరా?

సివిల్ పట్టా చేతికొచ్చిన కుర్రాళ్లు చాలామంది డిజైన్ సాఫ్ట్‌వేర్ కోర్సులకే డబ్బు కడతారు. పునాదుల వైపు పోటీ తక్కువ. అక్కడ కావలసింది నేలను చదవడం.

బంగ్లాదేశ్‌లో 2022 జూన్‌లో ప్రారంభమైన పద్మా వంతెననే తీసుకోండి. దాన్ని మోసేవి 3 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలు, అంటే గొట్టపు పైల్స్. వాటిని భారీ హామర్‌తో కొట్టి, నది అడుగు ఇసుకలోకి దాదాపు 120 మీటర్ల దాకా దించారు. అంత లోతెందుకంటే, వరదలో పద్మ అడుగు పదుల మీటర్లు కోసుకుపోతుంది. ఆ మేర పైలుకు పట్టు పోయినట్టే.

గొట్టం దిగుతుంటే ఇసుక లోపలికి ఎక్కుతుంది. అసలు చిక్కు ఇక్కడే. 600 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పైలుకు అడుగున ఉక్కు అంచు వైశాల్యం మొత్తం వృత్తంలో 8 శాతం కూడా ఉండదు. లోపలి ఇసుక బిరడాలా బిగుసుకుంటే వృత్తమంతా బరువు మోస్తుంది. బిగుసుకోకపోతే అడుగున మిగిలేది ఆ సన్నని అంచు, దానికి తోడు లోపలి గోడ రాపిడి. బయటి గోడ రాపిడి ఎలాగూ ఉంటుంది. వ్యాసం పెరిగేకొద్దీ బిగుసుకోవడం కష్టం. పైగా హామర్ దెబ్బకు జారిన ఇసుకే నిలకడ బరువు కింద పట్టుకోవచ్చు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే మీ మాట వింటారు.

సైటులో దీన్ని తెలుసుకునే పద్ధతి మరీ సాదాది. హామర్ ఆపి, బరువు కట్టిన టేపు గొట్టంలోకి వదిలి ఇసుక మట్టం రాసుకోవాలి. పైలు మీటరు దిగితే లోపలి ఇసుకా మీటరు ఎక్కిందంటే బిగుసుకోలేదు. 40 సెంటీమీటర్లే ఎక్కిందంటే బిగుసుకుంటోంది. ఇంకో సంగతి: ఇసుకలో రాపిడి వారాలు, నెలల తరబడి పెరుగుతూ పోతుంది. దించిన రోజు పరీక్షతోనే తీర్పు చెప్పేయకూడదు.

డిప్లొమా వాళ్లకు పైలింగ్ రికార్డులు, లోడ్ టెస్టులు చూసే సూపర్‌వైజర్ పనులుంటాయి. బీటెక్ వాళ్లు గేట్ రాసి ఎన్ఐటీ వరంగల్‌లో జియోటెక్నికల్ ఎంటెక్ చేయొచ్చు. సముద్రం మీద ఆసక్తి ఉంటే ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. అయితే ఒక మాట. మన ఫ్లైఓవర్ల కింద ఎక్కువగా బోరు వేసి కాంక్రీటు పోసే పైల్సే. గొట్టపు పైల్స్ పని ఎక్కువగా ఆయిల్ ప్లాట్‌ఫాంలు, జెట్టీలు, సముద్రపు గాలిమరల దగ్గర దొరుకుతుంది. ఇంటికి దూరంగా, నైట్ షిఫ్టుల్లో, చెవులు గింగిర్లెత్తే చప్పుడులో ఉండగలరా అన్నది ముందే తేల్చుకోండి.

ఇంటర్న్‌షిప్‌లో సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకండి. సైటు ఇంజినీరును అడిగి ఒక బోర్ లాగ్, ఒక లోడ్ టెస్ట్ రిపోర్టు చూడండి. పైలు లోడ్ టెస్టుల ప్రమాణమైన ఐఎస్ 2911 నాలుగో భాగం పక్కన పెట్టుకుని, బరువుకు పైలు ఎంత కుంగిందో గ్రాఫు కాగితం మీద చేత్తో గీయండి.